గ్రాఫులో లేని ఫిబ్రవరి

ముద్ర చేతిలోకి తీసుకుని ఎర్ర సిరా అద్దుకున్న తరువాత, చిజురు చెయ్యి కాగితానికి బెత్తెడు ఎత్తున ఆగిపోయింది. ఆపింది ఆలోచన కాదు, అలవాటు. ముప్పై ఏళ్లకు పైగా వాతావరణ పరిశీలన కేంద్రంలో వర్షపాతాలూ గాలి పీడనాలూ చేత్తో గీసి పదవీ విరమణ చేసిన మనిషి ఆమె. ఏ గ్రాఫు కంటబడినా ఆమె చూపు ముందు దాని పాదాల మీదకు పోతుంది, తల మీదకు తరువాత వస్తుంది. ఈ గ్రాఫుకు పాదాలు లేవు.

ఆ కాగితం వచ్చింది వాడలో ఇంటింటికీ తిరిగే అట్ట మీద. మినసె దీవిలో ఏ కబురైనా దాని మీదనే వస్తుంది. చెత్తబండి వచ్చే రోజు మారినా, రేవు దగ్గర దీపం పాడైనా, ఎవరైనా కన్నుమూసినా అంతే. పక్కింటివారు తెచ్చి ఇస్తారు. చదివి, అడుగున తమ ఇంటి గడిలో ముద్ర వేసి, అవతలి ఇంటికి అందించి రావాలి. అట్టను రాత్రి దాటి ఉంచుకున్నవారి గురించి వాడ మాట్లాడుకుంటుంది. దాని మీద సొంతంగా ఏదైనా రాసినవారు ఇంతవరకు లేరు గనుక, రాస్తే వాడ ఏమంటుందో ఎవరికీ తెలియదు.

ఈసారి తిరుగుడు చిజురు ఇంటి నుంచే మొదలు, అట్టకు బిగించి ఉన్నది నిగనిగలాడే రంగుల కాగితం. పైన పెద్ద అక్షరాలలో "అత్యవసర పడవకు పిలుపులు గణనీయంగా తగ్గాయి" అని ఉంది. దాని కింద నాలుగు నీలి కమ్మీలు. మూడు నిటారుగా నిలబడి ఉన్నాయి, నాలుగోది వాటిలో మూడో వంతుకు కుంగి ఉంది. వాటి మీదుగా ఒక ఎర్ర బాణం కిందికి వంగి దిగుతోంది. కమలాపండుకు కాళ్లూ చేతులూ మొలిపించి పట్టణ కార్యాలయం వారు తమ చిహ్నంగా పెట్టుకున్న కమలబ్బాయి, ఆ బాణం కొసన, సరిగ్గా పొట్టి కమ్మీ నెత్తిన, జారుడుబండ దిగిన పిల్లవాడిలా చేతులెత్తి నవ్వుతున్నాడు. పిలుపులు తగ్గినందువల్ల ఏప్రిల్ నుంచి రాత్రివేళ మినసె రేవులో పడవ ఉండబోదనీ, అవసరమైతే అవతలి ఒడ్డు నుంచి వస్తుందనీ, సమ్మతించే ఇళ్లవారు ఆదివారం వాడ సభలోగా ముద్ర వేయవలసిందనీ కింద రాసి ఉంది.

అవతలి ఒడ్డు నుంచి పడవ రావడమంటే, సముద్రం మంచిగా ఉన్న రోజున గంట.

"ఇరవై దగ్గర నరికేశారు," అంది చిజురు.

రగ్గు కప్పిన వెచ్చని బల్ల కింద కాళ్లు పెట్టుకుని కమలా వలుచుకుంటున్న ఆమె భర్త యసుహెయ్ తలెత్తాడు. "ఎవర్ని?"

"గ్రాఫుని. అడుగున సున్నా ఉండాల్సిన చోట ఇరవై ఉంది చూడండి. నలుగుర్ని మెడలోతు నీళ్లలో నిలబెట్టి, నాలుగోవాడు మరుగుజ్జని చూపించినట్టుంది."

"నీ కంటబడనంతవరకే ఏ గ్రాఫైనా మంచిది," అని అతను తొన నోట్లో వేసుకున్నాడు.

ఆమె వినిపించుకోలేదు. చూపు అప్పటికే కమ్మీల కింద, చక్రవర్తి పాలన పేరుతో లెక్కించే ఏడాదుల మీద నడుస్తోంది. హెయ్‌సెయ్ ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్పై. ఆ పక్కన రెయ్‌వా ఒకటి. ఆమె వేలు ముప్పైకీ ఒకటికీ నడుమ ఉన్న తెల్లని సందులో నిలిచిపోయింది.

"ఏమండీ, మిమ్మల్ని పడవలో తీసుకెళ్లింది ఎప్పుడు?"

"నన్నడుగుతావేం? అప్పుడు నాకు స్పృహ లేదు."

"ఫిబ్రవరిలో. పోయిన ఏడాది ఫిబ్రవరిలో. అప్పటికి పాత చక్రవర్తి ఇంకా గద్దె దిగలేదు. దిగింది ఏప్రిల్ ఆఖర్న. మే ఒకటి నుంచి ఏడాదికి రెయ్‌వా అని పేరు మారింది. అంతకుముందు నాలుగు నెలలూ హెయ్‌సెయ్ ముప్పై ఒకటి. అవునా?"

"అవును. అయితే?"

"వీళ్ల గ్రాఫులో ముప్పై ఒకటి లేదు. ముప్పై నుంచి తిన్నగా రెయ్‌వాలోకి గెంతారు. ఒకే ఏడాదిని రెండు పేర్ల కింద నరికి, ఎనిమిది నెలల ముక్కని పన్నెండు నెలల ఏడాదుల పక్కన నిలబెట్టి, తగ్గింది తగ్గిందని చప్పట్లు కొడుతున్నారు. మీరు ఈ గ్రాఫులో లేరు!"

యసుహెయ్ ఇంకో తొన తీసుకున్నాడు. "పోనీలే, భూమ్మీద ఉన్నాను కదా."

"ఆ పడవ ఉంది కాబట్టి ఉన్నారు!" అంటూ ఆమె ముద్రను బల్ల మీద కొట్టింది. బల్ల గుడ్డ మీద వాళ్ల ఇంటిపేరు ఎర్రగా పడింది.

ఆ ఫిబ్రవరి సాయంత్రం యసుహెయ్ కొండవాలు తోటలో, పై మడిలో కూలిపోయాడు. కమలా బుట్టలు దించే పట్టాల బండి మీద అతన్ని పడుకోబెట్టి, ఆమె పక్కన నడుస్తూ దింపింది. ఆ బండికి వేగం తెలియదు. పళ్లు నలగకుండా దిగడమే దానికి తెలిసిన విద్య. కిందికి చేరేసరికి చీకటి పడింది. రేవులో పడవ యంత్రం అప్పటికే మోగుతోంది. ఇంకో అరగంట ఆలస్యమైతే చేయగలిగింది ఉండేది కాదని డాక్టరు తరువాత చెప్పాడు. చిజురు ఆ మాటను కూడా అనుమానించింది. డాక్టర్లు అరగంట అనే మాటను కొంత ఉదారంగా వాడతారని ఆమె అభిప్రాయం. కానీ అవతలి ఒడ్డు నుంచి పడవకు పట్టే గంటను అనుమానించడానికి ఆమెకు ఏ కారణమూ దొరకలేదు.

మరునాడు పొద్దున్నే పట్టణ కార్యాలయం వారి దీవి శాఖకు వెళ్లింది. అక్కడి గుమస్తా నగాయె నలభై దాటిన మెతక మనిషి. చొక్కాకు కమలబ్బాయి బిళ్ల పెట్టుకుని ఉన్నాడు. ఆమె కాగితాన్ని అతని ముందు పరిచింది.

"నగాయె గారూ, ఇది ఎవరు గీశారు?"

"పట్టణంలో ఒక కంపెనీ చేసిచ్చిందండీ. ముచ్చటగా ఉంది కదా?"

"అంకెలు?"

"అంకెలు... నేనే ఇచ్చాను."

"హెయ్‌సెయ్ ముప్పై ఒకటి ఏమైంది?"

నగాయె మెడ వెనక గోక్కున్నాడు. "పేరు మారినప్పుడు కంప్యూటర్లో పాత ఫైలు మూసేసి కొత్తది తెరిచామండీ. ముప్పై ఒకటి నాలుగు నెలలే కదా. నాలుగు నెలల కమ్మీని పూర్తి ఏడాదుల పక్కన పెడితే జనం అపార్థం చేసుకుంటారని వదిలేశాం."

"ఎనిమిది నెలల కమ్మీని పెడితే అపార్థం చేసుకోరా?"

అతను కాగితాన్ని తన వైపు తిప్పుకుని కమ్మీల మీద వేలు నడిపాడు. ఆ ముఖం చూశాక చిజురుకు ఒక సంగతి స్పష్టమైంది. ఇందులో కుట్ర లేదు. ఆ ప్రశ్న ఇంతవరకు అతని బుర్రలోకే రాలేదు. కుట్ర అయితే కోపానికి ఒక మనిషి దొరికేవాడు. ఇక్కడ దొరికింది అంతకంటే హీనమైనది. లెక్క తమకు ఎదురు తిరిగితే ఈ కార్యాలయంలో పదిమంది కూర్చుని తప్పు ఎక్కడుందో వెతికేవారు. అనుకూలంగా వచ్చింది గనుక ఒక్కరూ రెండోసారి చూడలేదు. తప్పు పొరపాటుగానే పుట్టింది. దాన్ని సాకింది మాత్రం పొరపాటు కాదు.

"అడుగున ఇరవై ఎందుకుంది?"

"కాగితంలో చోటు చాలక..."

"కమలబ్బాయికి చాలిందే!"

నగాయె తన బిళ్ల మీద చెయ్యి వేసుకున్నాడు, దాన్ని ఎవరో లాక్కుంటారన్నట్టు.

"ఆ పాత ఫైలు తెరవండి. ఆ నాలుగు నెలల్లో పడవ ఎన్నిసార్లు వెళ్లింది?"

మీటలు నొక్కి చాలాసేపు చూశాడు. "పన్నెండు సార్లండీ."

"మీ రెయ్‌వా కమ్మీలోని ఇరవై ఏడు పిలుపులూ, ఆ పన్నెండూ కలిపితే?"

"ముప్పై తొమ్మిది."

"అంతకుముందు మూడేళ్లూ?"

"ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, నలభై."

"ఏం తగ్గింది, నగాయె గారూ?"

"నేను... పైవాళ్లకి తెలియజేస్తానండీ."

"ఆదివారం సభ లోపల దిద్దిన కాగితం వస్తుందా?"

"పరిశీలిస్తాం."

ఆ మాటకు అర్థం దీవిలో పిల్లలకు కూడా తెలుసు. చిజురు అంతకుముందు రెండేళ్ల అంకెలు కూడా రాయించుకుని, వీడ్కోలు చెప్పకుండా బయటికి నడిచింది.

ఇంటికి వచ్చి బల్ల మీద గళ్ల కాగితం పరిచింది. కోపం ఆమె చేతిని ఇంకా నిలకడ చేసింది. కొత్త అంకెల్లో ఒక ఏడాది మిగతావాటికంటే బాగా తక్కువగా ఉంది. హెయ్‌సెయ్ ఇరవై ఏడులో ఇరవై తొమ్మిదే. అక్కడి నుంచి మొదలుపెట్టి, అడుగున ఇరవై అయిదు పెట్టి గీస్తే కమ్మీలు ఒక్కసారిగా గోడలా పైకి లేచాయి. ప్రమాదం మూడింతలు నాలుగింతలు అయిపోయినట్టు, పడవ తీసేయడం హత్యతో సమానమన్నట్టు ఉంది ఆ బొమ్మ. ఆమె దానికి ఎర్ర రంగు వేసింది. గీస్తున్నంతసేపూ ఆమెకు ఒక ఏడాది అలసట తీరినట్టనిపించింది.

అట్ట ఆమె ఇంట్లోనే ఉండిపోయింది. ఒక రాత్రి గడిచింది, రెండో రాత్రీ గడిచింది. మూడో రోజు అవతలి ఇంటి తొకియె కర్ర ఆనించుకుంటూ వచ్చేసింది. ఎనభై దాటిన ఆవిడకు రేవు పక్కన ఎండుచేపల కొట్టు ఉంది. అంతకంటే ఎండిన నాలుక కూడా ఉంది.

"ఏమ్మా చిజురూ, అట్టకి మీ ఇంట్లో పెళ్లి చేస్తున్నావా? వాడంతా నన్నడుగుతోంది, నీ మొగుడికేమైనా అయిందా అని."

"ఏం కాలేదక్కా. కూర్చో." చిజురు జరిగింది చెప్పి, తన ఎర్ర గ్రాఫు చూపించింది.

తొకియె కళ్లు మెరిశాయి. "అబ్బ! చూస్తేనే దడ పుడుతోంది. ఇదే కావాలి. ఆ కమలా వెధవని కూడా పెట్టు. వాళ్లు కిందికి జారించారు కదా, నువ్వు చెమటలు కక్కుతూ పైకి ఎక్కించు. అప్పుడు సరిపోతుంది!"

చిజురు నవ్వబోయి ఆగిపోయింది. తన కాగితం మీద, ఎర్ర కమ్మీల కొసన, నిజంగానే కమలబ్బాయికి సరిపోయినంత ఖాళీ ఉంది. ఆమె కాగితాన్ని నిలువునా చింపింది.

"ఓసి పిచ్చిదానా! అంత బాగా గీసి!"

"ఆ ఇరవై తొమ్మిది ఉన్న ఏడాది మన పడవ మరమ్మతుకి పోయిందక్కా. వేసవంతా రేవు ఖాళీగా ఉంది. అవతలి పడవ వచ్చి తీసుకెళ్లినవాళ్లు ఈ లెక్కలోకి రాలేదు. నాకా సంగతి తెలుసు. తెలిసే అక్కణ్ణుంచి మొదలుపెట్టాను."

"ఆ ముక్క ఎవడడుగుతాడే?"

"నేనడిగాను కదా, వాళ్లని."

తొకియె కర్రతో నేల మీద కొట్టింది. "వాళ్లు అబద్ధంతో వచ్చారు. నువ్వు ఒట్టి చేతుల్తో పోతానంటావు. రేపు నా గుండె ఆగితే నీ నిజాయితీ నన్ను ఒడ్డుకి మోస్తుందా?"

"నీ గుండె ఆగితే ఆగుతుంది కానీ నాలుక ఆగదులే!" చిజురు గొంతు పెరిగింది. "నాకు మాత్రం కోపం లేదనుకున్నావా? వాళ్ల మీద ఎంత ఉందో, ఇది గీసినందుకు నా మీద అంతకి రెండింతలుంది. మా ఆయన ప్రాణం ఆ పడవలో ఉందక్కా. దాన్ని తీసుకెళ్లి దొంగ గీత మీద నిలబెట్టనా? ఆదివారం ఎవడో ఒకడు లేచి, మీ ఇరవై ఏడో ఏడాది సంగతేమిటండీ అంటే, గీతతో పాటు పడవా పోతుంది."

తొకియె కర్రను గోడకు ఆనించింది. "టీ అయినా ఇస్తావా, లేదా?" అంది.

సాయంత్రానికి రెండో గ్రాఫు పూర్తయింది. అడుగున సున్నా. ఆరు కమ్మీలు, అయిదు దాదాపు ఒకే ఎత్తున ఉన్నాయి. పొట్టి కమ్మీ పక్కన "ఈ ఏడాది వేసవిలో పడవ మరమ్మతులో ఉంది" అని రాసింది. చివరి కమ్మీకి కింద ముదురు రంగులో హెయ్‌సెయ్ నాలుగు నెలలు, పైన లేత రంగులో రెయ్‌వా ఎనిమిది నెలలు. చూడడానికి అది చప్పిడి కూడులా ఉంది. ఎవరికీ దడ పుట్టించదు. "ముదురు రంగులోని పన్నెండు పిలుపులు పట్టణం వారి గ్రాఫులో లేవు. వాటిలో ఒకటి మా ఇంటిది" అని కింద రాసి, తన పేరు పెట్టి, రంగుల కాగితం మీద బిగించింది. సమ్మతి గడిని ఖాళీగా వదిలి, అట్టను తొకియె ఇంటికి అందించి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం సభకు వాడంతా వచ్చింది. గోడకు పట్టణం వారి గ్రాఫు మనిషంత ఎత్తున వేలాడుతోంది. దిద్దలేదు. నగాయె దాని పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. పట్టణం నుంచి వచ్చిన విభాగాధిపతి ముందు వరుసలో ఉన్నాడు. ఒకిమోతో అనే వాడ పెద్ద అట్ట పట్టుకుని లేచాడు. అతని చెంపలు ఎర్రబడి ఉన్నాయి.

"ముందు ఒక మాట. ఈ అట్ట మా నాన్నగారి కాలం నుంచీ తిరుగుతోంది. దాని మీద ఇష్టమొచ్చింది అంటించే హక్కు ఎవరికీ లేదు, ఎంత చదువుకున్నా సరే. చిజురు గారూ, వింటున్నారా?"

"వింటున్నాను. సమ్మతి ముద్రలు ఎన్నొచ్చాయో చెప్పండి."

"ఇరవై నాలుగిళ్లకి ఇరవై రెండు!"

విభాగాధిపతి చిరునవ్వు నవ్వాడు. చిజురు చుట్టూ ఉన్న ముఖాల వంక చూసింది. ఆ పక్కనే కూర్చున్న వీళ్లేనా? తన కాగితం చదివి కూడా వేశారా?

"నా కాగితం చూపించండి," అంది.

ఒకిమోతో అయిష్టంగా తిప్పి చూపించాడు. ఆమె గ్రాఫు అంచు చుట్టూ, ఎక్కడా గడి లేకపోయినా, ఎర్ర ముద్రలు క్రమంగా పడి ఉన్నాయి. అవీ ఇరవై రెండే. అవే ఇళ్లు. అట్ట మీద ఏం వస్తే దాని మీద ముద్ర వేయడం చిన్నప్పటి నుంచీ అలవాటైన చేతులు, పడవ వద్దన్న కాగితం మీదా, ఆ కాగితం తప్పన్న కాగితం మీదా ఒకే భక్తితో ముద్ర వేశాయి. రెండో ఖాళీ గడి తొకియెది. కళ్లజోడు దొరకక వేయలేదని ఆవిడే పక్కవాళ్లకు చెబుతోంది.

చిజురుకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గులేదా మనకి?" అని అరిచింది. వాడలో ఆమె అరుపు ఎవరూ ఎప్పుడూ వినలేదు. "అవునన్నదానికీ ముద్రే, కాదన్నదానికీ ముద్రే! రేపు మన దహనానికి సమ్మతి అడుగుతూ అట్ట వస్తే దాని మీదా వేసి పక్కింటికి ఇచ్చి వస్తాం! ఇవి నావైపు ముద్రలని నేననను. మీరు మీవైపువని అనకండి. ఇవి ఏ వైపువీ కావు. అట్ట ఇంటింటికీ తిరిగిందని మాత్రం చెబుతాయి, అంతే."

నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. ఆమె గోడ దగ్గరికి నడిచింది.

"నగాయె గారూ, ఆ పన్నెండు పిలుపులకీ, ఈ నిలువు గీత మీద ఇరవై నుంచి ముప్పై రెండు దాకా ఎంత పొడవుందో కొలవండి. అంతే ముక్క కత్తిరించండి."

నగాయె విభాగాధిపతి వైపు చూశాడు. ఆయన కిటికీ వైపు చూశాడు. మూలన కమలాలు వచ్చిన అట్టపెట్టె ఉంది. నగాయె ఇంకొకసారి పైవాడి వైపు చూసి, చూడడం మానేసి, వంగి పెట్టె చింపాడు. కొలిచాడు. కత్తిరించాడు. ఆ గోధుమరంగు ముక్కను పొట్టి కమ్మీ నెత్తిన నిలబెట్టి టేపు వేశాడు. కమ్మీ పొరుగు కమ్మీల ఎత్తుకు లేచింది. కమలబ్బాయి నవ్వు, ఎత్తిన చేతులతో సహా, ఆ ముక్క కింద మునిగిపోయింది. ఎర్ర బాణం కొసకు దిగడానికి చోటు లేకపోయింది.

"ఊపిరాడదేమో పాపం," అంది తొకియె. అప్పుడు నవ్వారు.

విభాగాధిపతి గొంతు సవరించుకున్నాడు. "పొరపాటుకి చింతిస్తున్నాం. అయినా, ఏడాదికి ముప్పై తొమ్మిది పిలుపుల కోసం రాత్రంతా ఒక పడవనీ ఇద్దరు మనుషుల్నీ..."

"అదీ!" చిజురు అతని మీదకు తిరిగింది. "అదండీ అడగాల్సింది. ముప్పై తొమ్మిది తక్కువా, ఎక్కువా? పడవకి డబ్బు లేదా? మనుషుల్లేరా? ఆ మాట మా ముఖాన చెప్పండి. మేం వాదిస్తాం. ఓడితే ఓడతాం. గ్రాఫు ఆ జవాబు చెప్పదు, మీదైనా, నాదైనా. కానీ మీరు అడగనేలేదు. అడగక్కర్లేకుండా ఒక బొమ్మని జారుడుబండ ఎక్కించి పంపారు!"

ఆ తరువాత గంటసేపు మినసె దీవి నిజంగా మాట్లాడుకుంది. పడవ ఎవరిని ఎప్పుడు మోసిందో ఒక్కొక్కరూ లేచి చెప్పారు. రాత్రి పడవ వద్దనే ధైర్యం గల ఒక రైతు కూడా లేచి, ఆ ఖర్చుతో పగలు డాక్టరును రప్పించవచ్చన్నాడు. అతన్ని కూర్చోబెట్టబోయిన ఒకిమోతోను చిజురే ఆపింది. చివరికి ముద్రల కాగితాలు రెండూ రద్దు చేశారు. ఏప్రిల్ ప్రతిపాదనను వెనక్కి తీసుకుంటున్నామనీ, సరైన అంకెలతో మళ్లీ వస్తామనీ విభాగాధిపతి అన్నాడు. "తీసుకెళ్లి పరిశీలిస్తాం," అని కూడా అన్నాడు.

జనం చెప్పులు వెతుక్కుంటుండగా యసుహెయ్ గోడ దగ్గరికి వెళ్లి, అట్టపెట్టె ముక్కను వేలితో తట్టాడు.

"ఇందులో నేనెక్కడున్నాను?"

"ఎక్కడని చెప్పలేను," అంది చిజురు. కోపం ఇంకా ఆమె గొంతులోంచి దిగలేదు. "ఉన్నారు. అంతవరకు ఖాయం."

టేపు ఒక మూల ఊడి వస్తోంది. ఆమె దాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి, ఒకిమోతో దీపాలు ఆర్పేదాకా అలాగే పట్టుకుని నిలబడింది.